ఉత్తరం చేను సప్పగున్నది

ఊరు కట్టిన అరవై ఒకటో ఏడు, వైశాఖ అమాస

ఉత్తరం చేను సప్పగున్నది. దక్షిణం చేను సప్పగున్నది. కాల్వ తల కాడ, నడుమ, తోక కాడ మన్ను నోట్లె ఏసుకొని చూసి చెప్పిన మాట. చూసింది, రాసింది నీరటి భూదవ్వ.

కట్టు ప్రకారం గింతే రాయాలె. కాల్వ నీళ్ళు పంచుడు, మన్ను చూసుడు నీరటి పని. నాకంటె ముందటి నీరటి మా మేనత్త. ముప్పై ఏండ్లు నెలకు గీ నాలుగు మాటలే రాసి పోయింది. నాకు గంత పొదుపు రాదు. ఒక్క రెల్లు కాయితం జెయ్యాల్నంటె నాలుగొద్దులు దంచాలె, సగం కాయితం ఉత్తగ ఇడిసిపెడుదునా? కింద నా ముచ్చట రాసుకుంట. ఎవ్వలన్న దొంగతనంగ సదివిన్రో, వాళ్ళ నోట్లె మన్నువడ. నా నోట్లె ఎట్లాగు నెలనెల పడుతనే ఉన్నది.

అమాసకు మూడొద్దుల ముందు నుంచి నేను ఉప్పు ముట్ట. నా ఇంట్ల ఎవ్వలు ముట్టరు. నాలుక కడిగిన పలక లెక్క ఉండాలె. మన్ను చూసి ఊరి గద్దె మీద నిలవడి, సప్పగున్నదనో ఉప్పగున్నదనో ఒక్క మాట చెప్పాలె. ఉప్పగున్నదంటె ఆ చేను పండుకోవాలె. సర్పంచి గూడ ఎదురు మాట్లాడడు. నీరటి తప్ప చేని మన్ను ఇంకెవ్వలు నోట్లె ఏసుకోవద్దు. పది నాలుకలుంటె పది పంచాయితీలైతయని పెద్దోళ్ళు పెట్టిన కట్టు అది. మొదట్ల మన్నుల సూదులుండెనట, ఉప్పెంతున్నదో అవే చెప్పెనట. ఒకదాని ఎనుక ఒకటి సూదులన్ని సచ్చినంక ఊరు నాలుక మీద పడ్డది.

మన్ను చూసొచ్చి, మూడొద్దుల తర్వాత ఇయ్యాల ఉప్పు బువ్వకు కూసున్న. కోడలు స్వరూప పప్పు వండింది. నోట్లె ఏసుకుంటె సప్పిడి.

“ఏందే, ఉప్పు మీద ఇంక అలుగుడు తీరలేదా?” అన్న.

“ఏసిన అత్తమ్మా.”

“ఏసినవో, ఏద్దామనుకున్నవో!”

ఉప్పు చిప్ప ముందట పెట్టింది. ఈ పిల్లతోని కొట్లాడుడు గూడ సక్కగ కాదు, నేను ఒక్కదాన్నే అరువాలె. పాపం, దానికి మాత్రం ఏం మనసున పడుతది? మాఘంల జరమొచ్చి ఊర్లె పంతొమ్మిది మందిని కొంచవోయింది. అండ్ల నా కొడుకు రాజేశం ఒకడు. నాకు గూడ వచ్చింది. పదకొండొద్దులు ఒళ్ళెరుగలే. లేచి చూసేటాలకు వాడు లేడు, వాని పార గోడకు ఆనిచ్చి ఉన్నది. ముసలిదాన్ని ఇడిసిపెట్టి ముప్పై ఏండ్ల పిలగాన్ని తీస్కపోయిన జరానికి కండ్లున్నయా అసలు!

జ్యేష్ఠ అమాస

ఉత్తరం చేను సప్పగున్నది. దక్షిణం చేను సప్పగున్నది.

మొగిలి ఇంకో రెండు ఎండ మోటర్లు బిగిచ్చిండు. ఎడారిల ఇడిసిపెట్టిన అద్దాల మేడల మీదికెళ్లి పలకలు ఊడదీసి, ఒంటెల మీద ఏసుకొని వచ్చిండు. పొద్దు పొడిస్తె చాలు, ఎనిమిది మోటర్లు ఏటి నీళ్ళను ఎత్తి కాల్వల పోస్తున్నయి. మొగిలి మా ఊరి సర్పంచి. నాకు చిన్నాయన కొడుకు, తమ్మి. చిన్నప్పుడు ముక్కు తుడిచింది నేనే. ఇప్పుడు ఊరంత వాన్ని కండ్లల్ల పెట్టుకుంటున్నది.

తప్పు లేదు. మా తాతల తాతలు మానేరు ఒడ్డు నుంచి గీ ఎడారి దేశాలకు కూలికొచ్చిన్రు. నూనె ఎండింది, ఇమానాలు ఆగినయి, తిరిగి పోవుడు కాలే. నడుసుకుంట నడుసుకుంట ఈ రెండేర్ల నడుమ తేలిన్రు. కాల్వ తొవ్వి దానికి మానేరు అని పేరు పెట్టుకున్నరు. ఇప్పుడు ఊరు గూడ కొత్త మానేరే. నూట నలభై ఇండ్లు. మా తాతకు ఒక్క పూట బువ్వ దొరికితె పండుగ. నా కోడలు ఇయ్యాల గోధుమ రొట్టె కుక్కకేస్తున్నది.

మొగిలి ఇంటికొచ్చి కూసున్నడు.

“అక్కా, నీళ్ళకు కరువు లేదు. బీడు ఎందుకు పెట్టాలె?”

అగో, వచ్చింది అసలు ముచ్చట అనుకున్న. మాది రెండు చేండ్ల ఊరు. ఒక ఏడు ఉత్తరం చేను పండితె దక్షిణం బీడు, మరుసటేడు దక్షిణం పండితె ఉత్తరం బీడు. బీడుల ఆకూల్ ముండ్లు మొలుస్తయి. ఒంటెలు తినే ముండ్లు, పేరు ఇక్కడోళ్ళు చెప్పిందే. దాని యేర్లు బాయిలంత లోతుకు దిగి అడుగు నీళ్ళను తాగుతయట. అడుగు నీళ్ళు పైకొస్తె ఉప్పును ఎంటవెట్టుకొస్తయి. ఇది ఇక్కడి ముసలోళ్ళు మా తాతలకు నేర్పిన చదువు.

“నీళ్ళు లేకనా బీడు పెట్టేది? నీకు మోటర్లొచ్చినయి గని ముండ్లకు యేర్లు పోయినయా?” అన్న.

నవ్విండు. “నీ నాలుక ఉన్నది గదనే అక్కా. ఉప్పు కొసకు తగిలినా నువ్వు పట్టవా? నువ్వు ఉప్పు అన్నొద్దు ఆపుత, నీ మీద ఒట్టు.”

చెప్పొద్దూ, ఆ మాటకు నాకు లోపల్లోపల మస్తు సంబురమైంది.

ఆషాఢ అమాస

ఉత్తరం చేను సప్పగున్నది. దక్షిణం చేను సప్పగున్నది.

బడి సారు హనీఫ్ కబురు పెడితె పోయిన. ఊరి పక్కన దిబ్బ ఉన్నది. దాని కింద పాత ఊరు, దాని కింద ఇంకా పాత ఊరు. ఇటుకల కోసం తొవ్వుతుంటె అరచెయ్యంత మట్టి పలకలు ఎల్తున్నయి, వాటి మీద పిట్ట కాళ్ళ అసొంటి గీతలు. ఐదు వేల ఏండ్ల కిందటియట. హనీఫ్ సారు కాడ తాతల నాటి చదువు పెట్టె ఒకటున్నది. అద్దం పగిలింది, దినాం ఎండల పెడితె అరగంట పనిజేస్తది. పలక ముందట పెడితె ఆ గీతలను తెలుగుల సదువుతది. బడి పిల్లలకంటె ఆ పలకల మీదనే మనిషికి పాణం.

“ఇది జూడక్కా. అలమారల పెడితె పలకలకు తెల్లగ నూగు మొలిచింది. నేను నాకి చూసిన, ఉప్పు లెక్కనే ఉన్నది. ఇది చేని మన్ను గాదు గద, కట్టు తప్పినట్టు కాదు గద?” అని బుగులుబుగులుగ అడిగిండు.

“నీకేం తెలుస్తది, ఇటు తే,” అని ఏలుతోని తీసి నాలుక మీద పెట్టుకున్న. ఏం లేదు. పిండి లెక్క ఉన్నది.

“సున్నం,” అన్న.

“అట్లనా? మరి నాకు ఉప్పు తగిలిందేంది?”

“పొద్దుగాల తొక్కు తిని ఉంటవు.”

తల గోక్కొని నవ్విండు. “నువ్వన్నంక సున్నమే అక్కా,” అని చీటి మీద సున్నం అని రాసి అలమారకు అతికిచ్చిండు.

శ్రావణ అమాస

ఉత్తరం చేను సప్పగున్నది. దక్షిణం చేను సప్పగున్నది.

పైన రాసింది అబద్ధం. నిజమో అబద్ధమో నాకు తెల్వది గనుక అబద్ధమే.

ఐదొద్దుల కింద, ఉప్పు ముట్టని దినాలు ఇంక మొదలుకాకముందు, స్వరూప చేనుకు పోయింది. చింతపండు లేని దేశం గద మాది, నిమ్మకాయ ఎండబెట్టి పులుసు కాస్తది. పొయ్యి మీద పులుసు మరుగుతున్నది. చవి చూసిన, ఏడి నీళ్ళు. ఉప్పు కుండల చెయ్యి పెట్టి పిడికెడు నోట్లె పోసుకున్న. ఇసుక. తొక్కు నాకిన, నోరు మండింది గని రుచి లేదు. కుండలు సర్దుకుంట గంట సేపు నేల మీద కూసున్న.

జరం కొడుకును తీస్కపోయింది, పోంగ పోంగ నా నాలుకను గూడ తీస్కపోయింది. ఆరు నెల్ల సంది నేను మన్ను తింటున్న గని చూస్తలేను. ఆ పిల్లను ఉప్పెయ్యలేదని తిట్టిన తిట్లన్ని గుర్తుకొచ్చినయి. సారు అలమార మీది సున్నం చీటి గుర్తుకొచ్చింది.

వస్తదేమో, ఇంకో నెల చూద్దాం అనుకున్న. ఎవ్వలకు చెప్పలే. పొద్దుగాల గద్దె ఎక్కి సప్పగున్నదని అర్సిన. అందరు అలవాటుగ తలలూపి పనులకు పోయిన్రు.

భాద్రపద అమాస

ఉత్తరం చేను సప్పగున్నది. దక్షిణం చేను సప్పగున్నది.

కింది తీరాన సముద్రం ఊర్లల్లకు జొచ్చిందట. వారం కింద రెల్లు పడవల మీద రెండు వందల మందికి పైన వచ్చిన్రు. ముసలోళ్ళు, సంటి పిల్లలు. మొగిలి ఎవ్వలను ఎనుకకు పంపలే. ఆడు అసొంటోడే. బడిల పండబెట్టిండు, గాదె తెరిచిండు. ఉన్న గింజలు చైత్రం దాకా రావు. ఈసారి రెండు చేండ్లు ఏస్తెనే అందరికి బువ్వ.

ఇంకొకటి గూడ ఉన్నది, దాపరికం ఎందుకు. ఉత్తరం చేని తోక కాడ రాజేశం చదును జేసిన తుకుడ ఉన్నది. ఆలుమగలకు మొదటి భూమి అదే, దక్షిణం దిక్కు వాళ్ళకు జానెడు లేదు. వైశాఖంల ఒక్క పంట కోసింది స్వరూప, మొగడు ఏసిన పంట. కట్టు ప్రకారం ఈ ఏడు ఉత్తరం బీడు. బీడైతె ఆ పిల్ల మంది చేండ్లల్ల కలుపు తియ్యాలె. నోరు తెరిచి ఏం అడగలే. గని నిన్న రాజేశం పారను గోడ కాడికెళ్లి తీసి, తుప్పు గీకి, కొత్త కట్టె ఏసుకుంటుంటె చూసిన.

నీరటి చెప్పకుంటె కట్టు తెలిసిందే, చేను పండుకోవాలె. నాకు రుచి తెలుస్తలేదు అని ఒక్క మాట అంటె అయిపోయేది. నాలుగు మెట్లెక్కే సేపు అదే మాట నోట్లె పెట్టుకొని ఎక్కిన. పైన నిలవడి చూస్తె ఊరంత నా మొకం చూస్తున్నది. కొత్తగొచ్చిన ఆడామె ఒకామె బిడ్డను సంకల ఏసుకొని నన్నే చూస్తున్నది. కొడుకు లేడు, నాలుక లేదు, గద్దె దిగితె ఇగ నేనెవ్వతిని? గా ఆలోచన గూడ వచ్చింది. వచ్చింది గనుక రాస్తున్న.

“సప్పగున్నది!” అన్న. గొంతు ఎన్నడు లేనంత గట్టిగ వచ్చింది.

మందంత చప్పట్లు గొట్టిన్రు. మొగిలి గద్దె ఎక్కి నా కాళ్ళు మొక్కిండు.

కార్తీక అమాస

ఉత్తరం చేను సప్పగున్నది. దక్షిణం చేను సప్పగున్నది.

రెండు చేండ్లు ఏసినం. ఆకూల్ ముండ్లు మొలకగున్నప్పుడే దున్ని పారేసిన్రు. కొత్తోళ్ళు గూడ నాగండ్లు పట్టిన్రు. అంత మంది ఒక్కకాడ పనిజేస్తుంటె చూసుడు నా కండ్లకు ఎన్నడు కాలే. ఆడోళ్ళు పాట ఎత్తుకుంటె ఒకరి భాష ఒకరికి సగమే తెలుస్తది, అయినా రాగం కలిసింది.

స్వరూప తుకుడకు తూము నేనే తెరిచిన. నీళ్ళు రాంగనే తను ఉరుకొచ్చి మడిమలదాక నీళ్ళల్ల నిలవడ్డది. జరమొచ్చినంక ఆ పిల్ల నవ్వుడు అదే మొదటిసారి.

“అత్తమ్మా, మీ కొడుకు ఉంటె ఈపాటికి మట్టి మీద పొర్లుదురు!” అన్నది.

“పొర్లెటోడే, పిచ్చోడు,” అన్న. నవ్విన గూడ. నవ్వు వచ్చింది మరి.

పుష్య అమాస

ఉత్తరం చేను సప్పగున్నది. దక్షిణం చేను సప్పగున్నది.

తోక కాడ మొలకలు జానెడై ఆగినయి. కొసలు గోధుమ వన్నె తిరిగినయి. స్వరూప నీళ్ళు చాలలేదనుకున్నది. దినాం నా కాడికొచ్చి, “ఇంకొక్క తడి ఇడువున్రి అత్తమ్మా,” అంటున్నది. ఇడుస్తున్న. ఇడిసినకొద్ది ఆ వన్నె కిందికి దిగుతున్నది. నీళ్ళు ఆరినంక నేల మీద సన్నటి తెల్ల పొర మెరుస్తున్నది. నాకు తెలుసు అది ఏందో. సూడనీకె నాలుక అక్కర లేదు, కండ్లున్నోనికి ఎవ్వనికైనా తెలుస్తది. అయినా ఊరంత నా మాట పట్టుకొని దాన్ని సున్నం అంటున్నరు. హనీఫ్ సారు అలమార చీటి ఊరెక్కింది.

ఆ సారు కాడికి ఇంకోసారి పోయిన. మొకం పీక్కపోయి ఉన్నడు. పలకలను అడుగు పొర నుంచి పైపొర దాకా వరుసగ పేర్చిండు.

“ఇగో అక్కా, అన్నిటికంటె కింది పొర. ఉత్తరం చేను, దక్షిణం చేను, మన లెక్కనే. గోధుమ సగం, యవలు సగం. యవలు ఉప్పుకు ఓర్చుకుంటయి గద. నూరేండ్ల పైకి రా, గోధుమ ఆరు పాళ్ళల్ల ఒక పాలు. ఇంకా పైకి రా, గోధుమ పేరే లేదు. ఆఖరు పలకల మీద యవలు గూడ విత్తనమంతనే తిరిగొచ్చినయి.”

“ఆ పైన?”

“ఆ పైన పలకలే లేవు. ఇసుక.” అని ఒక పలక నా చేతుల పెట్టిండు. “గని ఇది జూడు. ప్రతి పలక అడుగున ఒకటే మాట, ఒకటే ముద్ర. పెట్టె ఏం సదివిందో ఇను.”

పెట్టె సగం పగిలిన గొంతుతోని సదివింది: చేను బాగున్నది.

“విత్తనమంత గింజలొచ్చినా చేను బాగున్నదని ఎట్ల రాసిండక్కా, ఆ ఆఖరు పలక మనిషి? పిచ్చోడా?”

పిచ్చోడు కాదు సారూ అని లోపల అనుకున్న. వానికి ఏం ఒత్తిడి ఉండెనో, ఏ కోడలు ఉండెనో. పలకను చీరె కొంగుతోని తుడిచి అలమారల పెట్టిన. చెయ్యంత తెల్లగైంది.

ఫాల్గుణ అమాస

ఈసారి పైన ఏం రాయలే.

పొద్దుగాల తోక కాడికి పోయిన. నేల పగిలి, అంచులు పైకి లేచి, మంచు కురిసినట్టు తెల్లగున్నది. గోధుమ కంకి ఎయ్యకముందే నిలువున ఎండింది. స్వరూప నడుమ కూసొని ఒక్కొక్క మొక్కను యేర్లతోని పీకి చూస్తున్నది. నన్ను చూసి లేవలే. నేను పోయి ఎదురంగ కూసున్న.

“ఉప్పే అది,” అన్న.

“మీరు సప్పగున్నదన్నరు గద అత్తమ్మా.”

“నాకు రుచి తెల్వదు బిడ్డా. జరమొచ్చినప్పటి సంది తెల్వది. శ్రావణంల నాకు ఎరుకైంది. భాద్రపదంల గద్దె మీద ఎరికుండే అబద్ధం చెప్పిన.”

చేతుల ఉన్న మొక్కను కింద పెట్టింది. తిడుతదనుకున్న. తిడితె బాగుండు. పార తీసి నెత్తి మీద ఏసినా నేను జరుగకపోదును.

“నేను చూసిన అత్తమ్మా,” అన్నది. “కార్తీకంల, నీళ్ళు ఇడిసినొద్దే. కట్టు తప్పిన. మీ కొడుకు చేసిన మట్టి గదా అని, ఎవ్వలు చూడకుంట చిటికెడు నోట్లె ఏసుకున్న. ఉప్పగున్నది.”

“మరి చెప్పలేదేందే!”

“మీరు సప్పగున్నదన్నరు. నా నాలుకనే మంచిగ లేదనుకున్న.”

ఏడ్సిన. కొడుకు పోయినప్పుడు ఒళ్ళెరుగక ఏడవలే, ఆ బాకీ గూడ ఇయ్యాల్నే తీరింది. ఆ పిల్ల గూడ ఏడ్సింది. నన్ను ముట్టుకోలే. ముట్టుకోవాలని అడిగే మొకం నాకు ఎక్కడిది?

అరవై రెండో ఏడు, చైత్రం, ఉగాది ఎల్లిన మూడో దినం

అమాస దాక ఆగలే. గద్దె ఎక్కి అంతా చెప్పిన. జరం, పిడికెడు ఉప్పు, సున్నం చీటి, అంతా. ఒక్కటి గూడ దాచలే.

కొడుతరనుకున్న. ఎవ్వలు రాయి ఎత్తలే. అందరు నన్ను ఇడిసిపెట్టి చేని దిక్కు నడిచిన్రు. మొదట హనీఫ్ సారు ఒంగి చిటికెడు తీసి నోట్లె ఏసుకున్నడు. ఆయన ఎనుక కుమ్మరి ఓదెలు, ఆయన ఎనుక సంకల బిడ్డ ఉన్న ఆ ఆడామె. అరవై ఏండ్లల్ల మొదటిసారి ఊరంత ఒంగి మన్ను చూసింది. ముసలోళ్ళు, పోరగాండ్లు అందరు. తూ అని ఉమ్ముతున్న చప్పుడే చేనంత. దక్షిణం చేనుకు గూడ పోయిన్రు. తోక కాడ ఉప్పగున్నదట, నడుమ గూడ జరంత ఉప్పగున్నదట. మోటర్లు పోసిన నీళ్ళన్ని అడుగున చేరి, తాగే ముండ్లు లేక, ఉప్పును మోసుకొని పైకొచ్చినయి.

మొగిలి ఒక్కడే గద్దె కాడ ఉండిపోయిండు.

“నువ్వు ఉప్పు అన్నా, నేను ఏదో సాకు జెప్పి ఏపిద్దునేమో అక్కా,” అన్నడు. “రెండు వందల మంది ఆకలి మొకాలు చూస్తు ఎవ్వడు ఆగుతడు?”

నా బరువు సగం మోద్దామని చూసిండు, నా తమ్మి. గని నేను ఇయ్యలే.

“నువ్వేం జేద్దువో నీకే ఎరుక. నేను చెప్పి ఉంటె ఒక్క ఏడు అర్ధాకలి ఉందుము. ముండ్లు మొలిచి, అడుగు నీళ్ళు దిగి, ఈ పాటికి దక్షిణం చేనన్న పచ్చగ ఉండు. ఉప్పు తిన్నోడు నీళ్ళు తాగాలె మొగిలీ. నేను తిన్న, ఊరు తాగుతున్నది.”

వాడు పోయి మోటర్లు ఒక్కొక్కటి బంద్ జేసిండు.

జ్యేష్ఠం, అమాస

పోతున్నం. కాల్వ తల కాడ కోసిన నాలుగు గింజలు నెలకు గూడ రావు. సగం మంది రెల్లు మడుగుల దిక్కు చేపలు పట్టి బతుకుతమని పోయిన్రు. మిగిలినోళ్ళం ఎగువకు, మొగిలి ఎంట. ఎగువన బీడు భూమి ఉన్నదట, ముండ్లు మనిషెత్తు ఉన్నయట. ముండ్లుంటె మంచిదే. ఈ చేండ్లు మళ్ళ పండాల్నంటె ఎన్ని ఏండ్లు పండుకోవాలె అని హనీఫ్ సారును అడిగితె, ఆయన పెట్టెను అడగలే, నా మొకం గూడ చూడలే. “చాన అక్కా,” అన్నడు.

కాయితం నిలవదు. అందుకే కాల్వ గట్టు మన్ను తెచ్చి అరచెయ్యంత పలక చేసిన. పుల్లతోని రాసిన. తెలుగుల్నే రాసిన, ఐదు వేల ఏండ్లకు సదివే పెట్టె వాళ్ళకూ ఉంటదేమో. ఓదెలు తన ఆఖరి ఆవంల కాల్చిచ్చిండు. దిబ్బ మీద, పాతోళ్ళ ఆఖరు పలకల పొర పక్కన పెడుదామని పోతుంటె స్వరూప తోడయింది. నేను పిలవలే, తనే వచ్చింది. రాజేశం పార తనే పట్టుకొచ్చింది గుంత తియ్యనీకె.

పలక మీద గిట్ల రాసిన:

చేను బాగ లేదు. నాలుక సచ్చినా సప్పగున్నదని చెప్పింది నేను, నీరటి భూదవ్వ. ఒక్క నోటి మీద ఊరు కట్టకున్రి. అందరు చూడున్రి. ఉప్పు తగిలినోళ్ళు తమ నాలుకను తప్పు పట్టకున్రి.

సదివి ఇనిపిచ్చిన. స్వరూప పలకను గుంతల పెట్టింది. గుంత పూడ్చి, పార భుజం మీద ఏసుకొని, దిబ్బ దిగి ఉత్తరం చేనుల నిలవడ్డది. ఒంగి ఒక చిటికెడు తీసి, నన్ను చూసుకుంటనే, నోట్లె ఏసుకున్నది.

“పుస్తకంల ఇయ్యాల్టి మాట ఇంక రాయలేదు గద అత్తమ్మా?” అన్నది. “రాసుకోన్రి.”

గట్టు మీద కూసొని రాసుకున్న.

ఉత్తరం చేను ఉప్పగున్నది. చూసింది స్వరూప. రాసింది భూదవ్వ.